నీడ లేని తాటిచెట్లు

బొమ్మను ఆఖరున చూడాలి. వసుమతి ఆ పనిలో చేరిన రోజునే ఎలెన్ నేర్పిన పద్ధతి అది.

పాత కాగితం చేతికి రాగానే బోర్లా పెట్టాలి. ముందు వెనకవైపు చూడాలి. ఎవరైనా ముద్ర వేశారా, జిగురు మరకలు ఎక్కడున్నాయి, ఏ అట్ట మీంచి ఊడదీశారు అన్నది గమనించాలి. ఆ తరవాత కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి లోపలి గీతలూ, కాగితం చేసినవాళ్ళు వేసిన నీటిముద్రా చూడాలి. ఆపైన అంచులు. ఇదంతా అయ్యాకే తిప్పి బొమ్మ చూడాలి. “బొమ్మ మాటకారి. నిన్ను కబుర్లలో పెట్టేస్తుంది. అది నోరు విప్పేలోపు దాని సంగతి కొంతైనా నీకు తెలిసుండాలి” అనేది ఎలెన్.

న్యూయార్క్‌లోని ఆ వేలం సంస్థలో పాత డచ్చి బొమ్మల విభాగమంటే ఎలెన్, ఆమె కింద వసుమతి. అంతే. గాలిమరలు, గడ్డకట్టిన కాలవల మీద జారుతున్న జనం, ఆవులు, ఓడలు. వందల ఏళ్ళ కిందటి కలం గీతలూ నీటిరంగులూ ఎవరెవరి అటకల మీంచో దిగి వాళ్ళ బల్ల మీదికి వచ్చేవి. చాలావాటి మీద సంతకాలుండవు. అది ఎవరి చెయ్యో తేల్చి కేటలాగులో రాయడం వీళ్ళ పని. ఫలానావారిది అని రాస్తే ఒక బరువు. ఫలానావారిదని అనుకుంటున్నాం అంటే అంతకన్నా తక్కువ. ఆయన శిష్యులెవరిదో అంటే ఇంకా తక్కువ. వసుమతి ఒక్కొక్క మాటనీ త్రాసులో వేసినట్టు వేసి రాసేది. మితభాషి కావడం ఆ పనిలో ఆమెకు కలిసొచ్చింది.

ఆ ఒక్క బొమ్మ దగ్గరే పద్ధతి తప్పింది.

కిందటి అక్టోబరులో అది అద్దాల ఫ్రేములో వచ్చింది. చుట్టిన కాగితం విప్పగానే బొమ్మే ఎదురుపడింది. గోధుమరంగు సిరాతో గీసి, పైన లేత నీలం, లేత గులాబి పూసిన సముద్రపు ఒడ్డు. ఇసక మీదికి లాగిన అడుగు చదునైన పడవలు. నెత్తిన తట్టలతో ఆడవాళ్ళు. దూరంగా ఒక గోపురం. కుడివైపు అంచున రెండు తాటిచెట్లు.

తాటిచెట్లు! వసుమతి ఫ్రేము పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెది బందరు పక్కన చిన్నాపురం. బడికి వెళ్ళే దారిలో గట్టు పొడవునా అవే చెట్లు. డచ్చి కంపెనీవాళ్ళు బందరులో ఎన్నో ఏళ్ళు వర్తకం చేశారని చిన్నప్పుడు మాష్టారు పాఠం చెప్పిన గొంతు కూడా గుర్తొచ్చింది. ఇంక ఆ రోజంతా ఆమె చూపు ఆ ఒడ్డునే తిరిగింది. అడుగు చదునైన పడవలంటే అలల్ని దాటడానికి మనవాళ్ళు తాళ్ళతో కుట్టిన పడవలే. గోపురమంటే బందరుకోట దగ్గరిదే. తట్టలవాళ్ళు చేపలవాళ్ళే. వెతుకుతున్నకొద్దీ సాక్ష్యాలు దొరుకుతూనే వచ్చాయి.

“అది చర్చి కావచ్చుగా?” అని ఎలెన్ ఒక్కసారి అడిగింది.

“బందరులోనూ వాళ్ళు చర్చిలు కట్టుకున్నారు” అంది వసుమతి. అంత చప్పున ఆమె జవాబివ్వడం ఎలెన్ అంతకు ముందెప్పుడూ చూడలేదు.

కేటలాగులో ఇలా పడింది: కోరమాండల్ తీరం, బహుశా మచిలీపట్నం, డచ్చి కంపెనీ ఓడలో వచ్చిన చిత్రకారుడిదని అనుకుంటున్నాం. వసుమతి తనంతట తానుగా రాసిన మొదటి వివరణ అదే.

ఆమె న్యూయార్క్‌కి కాస్త దూరంలో, పిస్కాటవేలో రాధాకృష్ణగారి ఇంట్లో కింది గదిలో అద్దెకుండేది. ఆయన ఏదో ఫార్మా కంపెనీలో డేటాబేసులు చూస్తాడు. భార్య ఉష, కాలేజీలో చదివే కూతురు దియ. కేటలాగు బయటికొచ్చిన సాయంత్రం భోజనాల దగ్గర వసుమతి మాట జారింది. అంతే, రాధాకృష్ణ కంచం పక్కకి నెట్టేశాడు.

“డచ్చివాళ్ళా? అంటే మన వలందులేగా! బందరులో మాది వలందపాలెమే కదమ్మా! ఊరికి పేరు పెట్టి పోయారు కానీ వాళ్ళెలా ఉండేవాళ్ళో, అప్పుడు మా ఊరెలా ఉండేదో ఎవడికీ తెలీదు. ఏదీ, చూపించు చూపించు.”

“ఈయన చెవిలో బందరు అన్నమాట పడితే చాలు, కూరలో ఉప్పు వెయ్యకపోయినా తెలీదు” అంది ఉష.

“డాడ్, మీ హౌస్ ఉందా దాంట్లో?” అని దియ తొంగిచూసింది.

“హౌస్ కాదే, ఊరు! త్రీ హండ్రెడ్ ఇయర్స్ బ్యాక్!”

“సో, నో వైఫై.”

“నువ్వు అన్నం తిను.”

మర్నాటికల్లా ‘మన బందరు’ వాట్సాప్ గ్రూపుకి ఆ ఒడ్డే ముఖచిత్రమైంది. ఫ్రిస్కో నించి ఒకరు, ట్రాయ్ నించి విశ్వనాథం, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో అందరూ కలిసి దాన్ని కొనాలనీ, రాధాకృష్ణ ఇంట్లోనే హాల్లో పెట్టాలనీ, ప్రతి ఏడూ అక్కడే కలవాలనీ తీర్మానమైపోయింది. “మన అమ్మాయి కనిపెట్టింది” అని ఆయన అందరికీ రాశాడు. వసుమతికి భయమేసి ఎలెన్‌కి చెప్పింది.

“వేలంలో పాడుకోనీ, తప్పులేదు. కానీ గుర్తుంచుకో. పాటకి వచ్చిన అందరికీ చెప్పని మాట ఒక్కటి కూడా ఆయనకి చెప్పకూడదు. మంచి మాటైనా సరే, చెడ్డ మాటైనా సరే” అంది ఎలెన్.

జనవరిలో వేలం రోజు వచ్చింది. ఉదయం బొమ్మలన్నీ హాల్లో గోడలకి తగిలించి ఉన్నాయి. పాడుకునేవాళ్ళు భూతద్దాలతో వాటి ముందు వంగి చూస్తున్నారు. తెల్లవారినప్పటినించీ వసుమతి ఒకచోట నిలవలేకపోతోంది. పెన్సిలు ఈ జేబులోంచి ఆ జేబులోకి, మళ్ళీ ఈ జేబులోకి. సరిగ్గా ఉన్న చీటీలనే మళ్ళీ సరిచేస్తోంది.

రాధాకృష్ణ, ఉష ముందుగానే వచ్చేశారు. ఉష మందపాటి కోటు కింద మంగళగిరి చీర కట్టుకుంది. ఆయన బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఎటు నిలబడి గీశాడంటావ్ వసూ? మన గిలకలదిండి రేవు వైపునించేనా?”

“ఇటునించి అయ్యుండాలి అంకుల్” అని వసుమతి వేలు చూపిస్తూ వంగింది.

చలికాలపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి గోడని రాసుకుంటూ పోతోంది. ఆ వెలుతురు పక్కనించి పడేసరికి కాగితం మీది గరుకంతా లేచి కనిపించింది. ఇసక మీద నిలబడ్డ ప్రతి మనిషి కాళ్ళ దగ్గరా ఎడమవైపుకి సన్నని కుంచె చార. ప్రతి పడవకీ ఒక చార. పాతిన గుంజకి కూడా చార. అవి నీడలు. తాటిచెట్లకి మాత్రం నీడ లేదు.

వసుమతి ఇంకొంచెం వంగింది. ఒడ్డంతా గీసిన సిరా కాగితంలోకి ఇంకిపోయి మసకగా ఉంది. చెట్ల సిరా కాగితం పైనే ఆగి, ఎండకి సన్నగా మెరుస్తోంది.

వేలు గాల్లోనే ఉండిపోయింది.

“ఏమైందమ్మా, అలా అయిపోయావ్?” అన్నాడు రాధాకృష్ణ.

“ఏమవుతుంది, పొద్దున కాఫీ కూడా సగం వదిలేసి పరిగెత్తిందిగా. నా బ్యాగులో చేగోడీలున్నాయి, రా ఇటు” అంది ఉష.

“వద్దాంటీ. అంకుల్, ఒక్క నిమిషం. దీన్ని లోపలికి తీసుకెళ్ళాలి.”

“ఇంకెవరికైనా దొంగచాటుగా చూపిస్తావా ఏంటి?” అని ఆయన పెద్దగా నవ్వాడు. పక్కనున్న ముసలి వర్తకుడొకడు భూతద్దం దించి ఆయన వైపు చూశాడు.

వెనక గదిలో పరారుణ కెమెరా ఉంది. కంటికి ఒకేలా కనిపించే సిరాల్ని అది విడదీసి చూపిస్తుంది. పెద్ద పెద్ద పేర్లున్న బొమ్మలకి తప్ప దాన్ని వాడరు. ఇలాంటి వాటికి తీరికెక్కడ? వసుమతి ఫ్రేము విప్పి, కాగితాన్ని కెమెరా కింద పెట్టి, తెర వెలిగించింది.

తెర మీద సముద్రం లేదు. ఆకాశం లేదు. పడవలూ గోపురమూ మనుషులూ, పాత సిరాతో గీసినవన్నీ పాలలో కలిసిపోయినట్టు పల్చబడిపోయాయి. ఆ తెల్లటి శూన్యంలో కుడివైపున రెండు చెట్లు మాత్రం నల్లగా, నిటారుగా నిలబడి ఉన్నాయి.

రెండు సిరాలు, రెండు చేతులు. బహుశా రెండు కాలాలు. ఎవరో డచ్చివాడు తన ఊరి సముద్రపు ఒడ్డు గీసుకున్నాడు. ఆ తరవాత ఎప్పుడో ఇంకెవరో తూర్పుదేశపు బొమ్మని చెప్పి అమ్ముకోవడానికి చివరన రెండు చెట్లు అతికించారు. చెట్లు తీసేసి చూస్తే మిగిలినదంతా ఇట్టే మారిపోయింది. గోపురం చర్చే. పడవలు హాలండు ఒడ్డున లాగే చేపల పడవలే. ఆడవాళ్ళ నెత్తిన తట్టల కింద ఉన్నవి వెడల్పాటి టోపీలు. అక్టోబరులో కూడా ఆమె కళ్ళకి అవి కనిపించాయి. చూసింది కూడా. కానీ చుట్టకుదుళ్ళు అనుకుంది.

వెనకవైపు తిప్పి చూడడానికి ఇప్పటికి తీరిక దొరికింది. చెట్లున్న చోట వెనక ఏమీ లేదు. మిగతా ఒడ్డు పొడవునా పాత సిరా కాగితాన్ని కాస్త తిని, వెనక్కి గోధుమరంగు మచ్చలుగా ఊరింది. ఫ్రేము విప్పి బోర్లా పెట్టి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది.

హాల్లోంచి ఎలెన్ గొంతు మైకులో వినిపించింది. పాట మొదలైపోయింది. పాట నడిపించేది ఎలెనే. ఇప్పుడామె బల్ల దిగి రాదు.

వసుమతి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఎవరికి తెలుస్తుంది? ‘బహుశా’ అని రాసే ఉందిగా. ‘అనుకుంటున్నాం’ అని ఉందిగా. ఆ రెండు మాటల వెనక నక్కి కూర్చోవచ్చు. రాధాకృష్ణగారు కొనుక్కుంటారు, సంతోషంగా గోడకి తగిలించుకుంటారు. ఎవరొచ్చినా చూపిస్తారు. తన వీసా మాట వచ్చే నెలలో తేలాలి. ఈ వివరణ చూపించే ఎలెన్ హెచ్‌ఆర్‌తో మాట్లాడతానంది.

కానీ రాధాకృష్ణగారి ఇంట్లో హాలు దాటకుండా ఆమె కింది గదిలోకి మెట్లు లేవు. రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ చెట్ల ముందునించి వెళ్ళాలి. “మన అమ్మాయి కనిపెట్టింది” అని ఆయన అతిథులకి చెబుతుంటే వింటూ వెళ్ళాలి.

ఫోను మోగింది. రాధాకృష్ణ మెసేజి: ‘ఎక్కడున్నావ్? నీకు సీటు ఉంచాం.’

‘అంకుల్, పాడకండి’ అని టైపు చేసింది. బొటనవేలు బాణం గుర్తు మీద ఆగింది. ఒక్క నొక్కు. ఆయన ఒక్కడికే. అదే హాల్లో ఇదే బొమ్మ కోసం వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారో, వాళ్ళు ఆమె రాసిన మాటనే నమ్మి వచ్చారు. అక్షరాలు ఒక్కొక్కటే చెరిపేసి ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

కేటలాగు అచ్చయ్యాక తప్పు బయటపడితే అందుకో పద్ధతుంది. సవరణ కాగితం రాసి ఒకటి తలుపు దగ్గర అంటించాలి. ఇంకొకటి పాట నడిపేవాళ్ళకి ఇవ్వాలి. ఆ వస్తువు వంతు రాగానే వాళ్ళు దాన్ని అందరూ వినేటట్టు చదవాలి. వసుమతి నాలుగు వాక్యాలు రాసింది. రెండుసార్లు తప్పు పడితే సరిదిద్దింది. ప్రింటు తీసి తలుపుకి అంటించేసరికి అక్కడ చదివేవాళ్ళెవరూ లేరు, అందరూ లోపలే ఉన్నారు.

హాలు నిండా జనం. తెర మీద ఎవరో గీసిన ఆవు. ఇంకొంచెం సేపట్లో ఒడ్డు వంతు. మూడో వరసలో ఉష పక్కన కోటు మడతపెట్టి సీటు ఉంచారు. రాధాకృష్ణ తన నంబరున్న బద్దని మోకాళ్ళ మీద నిలబెట్టి పట్టుకున్నాడు. వసుమతిని చూసి చెయ్యి ఊపాడు. ఆమె చూడనట్టు గోడవారగా నడిచింది. ఇంతమంది ముందు ఆమె ఎప్పుడూ నడవలేదు. బూట్ల చప్పుడు తనకే పెద్దగా వినిపించింది.

ఆవు అమ్ముడుపోయింది. వసుమతి చెయ్యి ఎత్తి కాగితాన్ని ఎలెన్ ముందు పెట్టింది. ఎలెన్ చదివింది. మైకు పక్కకి వంచింది.

“ఖాయమేనా?”

“కెమెరాలో చూశాను. వెనకవైపు కూడా చూశాను.”

ఎలెన్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, మైకు ముందుకు లాక్కుని, వాతావరణ వార్తలు చదివే గొంతుతో చదివింది. కేటలాగులోని వివరణ సరికాదు. ఇది డచ్చి దేశపు సముద్రతీరం, చేపల పడవలు, చిత్రకారుడెవరో తెలియదు. కుడివైపు చెట్లు తరవాతి కాలంలో మరొకరు చేర్చినవి. మచిలీపట్నానికీ దీనికీ సంబంధం లేదు.

వర్తకులు పెన్సిళ్ళతో పేజీల్లో ఏదో గీసుకున్నారు. ఎవరూ తల కూడా తిప్పలేదు. మూడో వరసలో మాత్రం ఉష భర్త వైపు వంగి “ఏమంటోంది?” అంది. బద్ద మెల్లగా పక్కకి ఒరిగి, మోకాళ్ళ మధ్యలోకి జారింది. ఆయన తల తిప్పి గోడవారగా నిలబడ్డ వసుమతి కోసం చూశాడు. ఈసారి చెయ్యి ఊపలేదు.

పొద్దున చూసిన ముసలి వర్తకుడు రెండు మూడు పాటల్లోనే దాన్ని గెలుచుకున్నాడు. బయటికి వెళ్తూ పక్కవాడితో అంటున్నాడు, “ఫ్రేములో బొమ్మ చుట్టూ వెడల్పాటి అట్ట కోసి పెడితే సరి. ఆ చెట్లు కనపడవు.”

పాట ముగిశాక ఎలెన్ గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడి బూట్లు వదిలింది.

“నువ్వు వెనకవైపు చూడలేదు ఆ రోజు.”

“లేదు.”

“నేనూ చూడలేదు. నీ మొహం చూసి ఒప్పుకున్నాను.” కాసేపు కాళ్ళు ఒత్తుకుంది. “సోమవారం రెండు పెట్టెలొస్తున్నాయి. పెందలాడే రా.”

వీసా మాట ఆమె ఎత్తలేదు. వసుమతికి అడిగే ధైర్యం రాలేదు.

కారులో ఉష వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. రాధాకృష్ణ కారుని నది కింది సొరంగం దాటించాడు. రేడియో పెట్టాడు, ఆపాడు. హీటరు పెంచాడు, తగ్గించాడు. రోడ్డు మీద వరస మార్చాడు, మళ్ళీ పాత వరసలోకే వచ్చాడు.

“పొద్దున నా పక్కనుండగానే తెలిసిందిగా నీకు.”

“అప్పుడే తెలిసింది అంకుల్.”

“నా చెవిలో ఒక్క మాట వేస్తే ఏం పోయేదమ్మా? అంతమందిలో వినాలా నేను?”

“మీకొక్కరికే చెప్పకూడదు. చెప్పాలనే అనుకున్నాను. టైపు కూడా చేశాను.”

“రూల్సా?”

“రూల్సే.”

“ఆ పిల్లని ఇంక వదిలెయ్యండి” అంది ఉష, కళ్ళు తెరవకుండానే. “పాడేశాక తెలిస్తే అప్పుడేం చేసేవారు? మీరే కదా, ఊరందరికీ టముకు వేసింది.”

టర్న్‌పైక్ హైవే మీద బళ్ళు నిలిచిపోయాయి. ముందెక్కడో యాక్సిడెంటు. రాధాకృష్ణ ఫోను తీసి గ్రూపు బొమ్మ మీద వేలు పెట్టి పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకున్నాడు.

“వసూ, ఇటు చూడు. ఈ మాను చూశావా? కింద లావెక్కి, ఇలా ఒంపు తిరిగింది.”

వసుమతి చూసింది. చూడనక్కర్లేదు, కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది.

“ఇది కొబ్బరి మాను. తల మాత్రం తాటి తల. ఈ గీసినవాడు రెండిట్లో ఏ చెట్టూ చూడలేదు. ఎవడో చెబితే గీసి ఉంటాడు.” ఆయన ఫోను దించాడు. “మన గట్ల మీద పుట్టి పెరిగాం. నువ్వూ నేనూ. ఇన్నాళ్ళనించీ చూస్తున్నాం.”

“నాకు తాటిచెట్లే కనిపించాయి అంకుల్.”

“నాకు మాత్రం?”

వెనక కారువాడు హారన్ కొట్టాడు. ముందు బళ్ళు కాస్త కదిలాయి. ఆయన ఫోను ఆమె ఒళ్ళో పడేసి స్టీరింగు పట్టుకున్నాడు. గ్రూపులో ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కొన్నారా? ఫొటో పెట్టండి. ఎక్కడ తగిలిస్తున్నారు? విశ్వనాథం అయితే బందరు లడ్డూ బొమ్మలు వరసగా పెట్టేస్తున్నాడు.

“నువ్వే రాయి. నా వల్ల కాదు” అన్నాడు రాధాకృష్ణ.

వసుమతి రాసింది. ఇది బందరు కాదు. హాలండు సముద్రం. చెట్లు తరవాత ఎవరో వేశారు. పొరపాటు నాది. వసుమతి.

తరవాత విశ్వనాథం దగ్గర్నించి వచ్చింది: ‘వాళ్ళెవరో కావాలని అలా చదివి తక్కువకి కొట్టేసి ఉంటారు. అది బందరే. చూస్తే తెలియడం లేదా?’ దాని కింద ఒక్కొక్కటే బొటనవేళ్ళు లేచాయి.

“ఏమంటున్నారు?” అన్నాడు రాధాకృష్ణ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆమె చదివి వినిపించింది. ఆయన నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు.

“గ్రూపు ఫొటో తీసెయ్యనా అంకుల్?”

ఆయన వరస మార్చడానికి అద్దంలోకి చూశాడు. దారి దొరకలేదు. మళ్ళీ చూశాడు.

“తియ్యి” అన్నాడు. అంతలోనే, “ఆగు. ముందు నన్నొకసారి చూడనీ” అని చెయ్యి చాపాడు.

బళ్ళు మళ్ళీ ఆగాయి. ఆయన ఫోనుని అడ్డంగా తిప్పి, కుడివైపు చెట్లని బొటనవేలితో కప్పి పట్టుకుని, మిగిలిన ఒడ్డుని చాలాసేపు చూశాడు.